మిర్చి బస్తాల ఎలక్ట్రాన్ల బరువెంత?

పోయిన సీజన్ల బాపుతోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీస్కపోయినం, యార్డుల అడుగు పెట్టంగనే తుమ్ములు షురూ. ముక్కుకు కండువ గట్టుకొని కాంటా కాడ నిలవడితే ఒక్కో బస్తా 40 కిలోలు జోకుతున్నరు, తరుగు కింద ఎంత కొడ్తరో ఏమో అని బాపు చూపంతా ఆ అంకెల మీదనే ఉంది. నాకేమో వేరే లెక్క మొదలైంది, ఈ 40 కిలోలు అసలు ఎక్కడ్నుంచి వస్తున్నయి అని.

బడిల అందరం గీసిన ఆటం (పరమాణువు) బొమ్మనే, నడుమ న్యూక్లియస్, దాంట్ల ప్రోటాన్లు న్యూట్రాన్లు, చుట్టూ గుండ్రటి గీతల మీద ఎలక్ట్రాన్లు. మార్కులకైతే పనికొచ్చింది గని సైజు కాడ మాత్రం ఆ బొమ్మ పెద్ద అబద్ధం. ఒక మిర్చి గింజ, మూడు మిల్లీమీటర్లు ఉంటదనుకోండి, దాన్ని యార్డు నడుమ పెట్టి ఇదే హైడ్రోజన్ న్యూక్లియస్, అంటే ఒక్క ప్రోటాన్ అనుకుంటే, ఆటం అంచు దగ్గరదగ్గర వంద మీటర్ల అవతల ఉంటది! నడుమంతా ఒక్క ఎలక్ట్రానే. అది గూడ గ్రహం లెక్క గిరగిరా తిరగదు, యార్డుల ఘాటు ఉంటది చూడండి, ఎక్కడుందంటే అంతటా ఉంది, కాంటా కాడ ఎక్కువ, గేటు కాడ తక్కువ, సుమారుగ అట్లనే ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే ఛాన్స్ ఎంత అని మాత్రమే చెప్పగలం.

లోపల ఇంత ఖాళీ ఉందని ఎట్ల తెలిసిందంటే, 1909ల మాంచెస్టర్‌ల సైంటిస్టు రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసే గైగర్, మార్స్‌డెన్ పల్చటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు, అంటే హీలియం న్యూక్లియస్‌లు వదిలిండ్రు. దాదాపు అన్నీ రేకును దాటి పోయినయి, వేలల్ల ఏదో ఒకటి మాత్రం తాకి వెనక్కొచ్చింది. బరువంతా ఒక్క తావున చిన్నగ ముద్దగట్టి ఉంటె తప్ప అట్ల రాదు గదా, 1911ల రూథర్‌ఫర్డ్ అదే చెప్పిండు. ఎలక్ట్రాన్‌ను థామ్సన్ 1897లనే పట్టిండు, న్యూట్రాన్ మాత్రం చాడ్విక్ చేతికి 1932 దాక చిక్కలే.

ఇగ కాంటా కాడికి వద్దాం. ఒక్క ప్రోటాన్ బరువుకు 1,836 ఎలక్ట్రాన్లు తూగాలె, న్యూట్రాన్ ప్రోటాన్ కంటె ఇంకో పిసరంత ఎక్కువ. ఈ లెక్కన 40 కిలోల బస్తాల ఉన్న ఎలక్ట్రాన్లన్నీ కలిపి జోకితే పదకొండు, పన్నెండు గ్రాములు! మిగిలిందంతా న్యూక్లియస్‌లదే.

ఇంకా తమాషా ఏందంటే ప్రోటాన్ గూడ గట్టి గింజ కాదు. దాంట్ల క్వార్కులు అనే ఇంకా చిన్న కణాలు మూడు, అప్ రకంవి రెండు, డౌన్ రకంది ఒకటి. న్యూట్రాన్‌ల ఒక అప్, రెండు డౌన్. ఆ మూడు క్వార్కుల సొంత బరువు ప్రోటాన్ బరువుల వందల ఒక వంతు, అంతే. అంటే మన బస్తాల క్వార్కుల పాలు ఏ 400 గ్రాములో. మిగతా 39 కిలోల పైచిలుకు ఏంది మరి? క్వార్కులు లోపల ఆగకుంట ఉరుకుతుంటయి, వాటిని గ్లువాన్లు అనే జిగురు లాంటి కణాలు విడిపోనియ్యకుంట పట్టుకుంటయి, ఆ ఎనర్జీనే మనకు బరువు లెక్క తెలుస్తది. బరువు, ఎనర్జీ ఒకటే అని ఐన్‌స్టీన్ 1905ల చెప్పిన E=mc² మన కాంటా మీదనే కూసుంది అన్నట్టు. నాకైతే ఇది ఇప్పటికీ పూర్తిగ హజం కాలే.

అట్లని ఎలక్ట్రాన్లను తక్కువ చెయ్యొద్దు. మిర్చి ఎర్రగ కనవడుడు, ఘాటు ఇచ్చే క్యాప్సైసిన్‌ల కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ ఒకదాన్నొకటి పట్టుకునుడు, అది మన ముక్కుల మంట పెట్టుడు, అన్నీ ఎలక్ట్రాన్ల పనే. న్యూక్లియస్ బరువు మోస్తది, ఆ పన్నెండు గ్రాములు మనల్ని తుమ్మిపిస్తయి.

తిరిగొచ్చేటప్పుడు ఆటోల ఇదంతా చెప్తే బాపు చేతిల చీటీ మడత విప్పి ఇంకోసారి చూసి, "ఆ పన్నెండు గ్రాములు గూడ తరుగులనే కొట్టిండ్రా ఏంది బిడ్డా?" అన్నడు.