పాత కీ వాచీ బాగుచేయించాలా, వద్దా? అపోహలు - వాస్తవాలు

పాత వాచీ తెచ్చినవాళ్ళ దగ్గర నేను రోజూ వినే మాట ఇది: "నడుస్తోంది కదండీ, ఇంకెందుకు విప్పడం?" ఈ ఒక్క మాట వల్ల పాడైన వాచీ లోపలి మిషన్లు చాలా చూశాను.

అపోహ: నడుస్తోందంటే బాగున్నట్టే.

కాదు. స్ప్రింగులో బలం ఉన్నంతసేపూ నూనె ఉన్నా లేకపోయినా చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. పాత వాచీల్లో చాలావాటి బ్యాలెన్స్, అంటే అటూ ఇటూ ఊగే చక్రం, గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే రోజుకు 4,32,000. నూనె ఎండితే ఆ భారమంతా సన్నటి ఇరుసుల మీదే పడుతుంది. అరిగిన ఉక్కు పొడి జిగురైన నూనెలో కలిసి సానరాయిలా పనిచేస్తుంది.

ఈ మధ్య ఒకాయన రోజూ పెట్టుకునే వాచీ తెచ్చారు. కొద్దిగా వెనకబడుతోంది, అది సరిచేస్తే చాలన్నారు. వెనకమూత తీసి లెన్సు పెట్టి చూస్తే ఇరుసులు తిరిగే ఎర్ర రాళ్ళ చుట్టూ తుప్పురంగు ముద్ద. బ్యారెల్ (కీ స్ప్రింగు ఉండే డబ్బా) ఇరుసు కూర్చునే రంధ్రం కోలగా అరిగిపోయింది. అదే రోజుల్లో ఒకావిడ వాళ్ళ నాన్నగారి వాచీ తెచ్చారు. ఆయన పోయాక బీరువాలో పెట్టేశారట. "ఇది ఇక పనికిరాదని అందరూ అంటున్నారండీ" అని తటపటాయిస్తూనే ఇచ్చారు. విప్పితే నూనె గట్టిపడింది తప్ప ఒక్క ఇరుసూ అరగలేదు. కడిగి, నూనె పెట్టి, మెయిన్‌స్ప్రింగ్ (కీ ఇస్తే చుట్టుకునే స్ప్రింగు) మార్చాను, లేచి కూర్చుంది. ఆ నడిచే వాచీకి భాగాలు వెతికేసరికి మాత్రం తలప్రాణం తోకకొచ్చింది.

అందుకే నడకనూ వయసునూ చూసి తేల్చకండి. తుప్పు ఎంత, అరుగుదల ఎంత, భాగాలు దొరుకుతాయా, ఇవి చూడాలి. భాగాల సంగతి కాలిబర్ నంబరు, అంటే మిషన్ మోడల్ నంబరు, చెబుతుంది, చాలా మిషన్లలో అది బ్యాలెన్స్ కింద చెక్కి ఉంటుంది. విరివిగా తయారైనదైతే ఇంకో పాత మిషన్ కొని భాగాలు తీసుకోవచ్చు. అరుదైనదైతే, ఎంత పేరున్న కంపెనీదైనా, విరిగిన బ్యాలెన్స్ స్టాఫ్‌ను (బ్యాలెన్స్ ఇరుసును) లేత్ మీద కొత్తగా చేయాల్సి రావచ్చు, ఖర్చు ఎక్కడికో పోతుంది. నీళ్ళు దిగి డయల్, హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్‌ను ఊపే వెంట్రుకంత సన్నటి స్ప్రింగు) రెండూ తుప్పుపట్టినదాన్ని, మనసుకు దగ్గరిదైతే తప్ప, వద్దనే చెబుతాను.

అపోహ: కీ ఎక్కువిచ్చి పాడుచేశాను.

మీరేం పాడుచేయలేదు. నిండా కీ ఇచ్చినా మంచి వాచీ నడవాలి. నడవలేదంటే లోపల మురికో, ఎండిన నూనో, విరిగిన భాగమో ఉంది. కీ తిప్పాడని పిల్లాణ్ణి తిట్టకండి.

అపోహ: రాళ్ళు ఎక్కువుంటే విలువెక్కువ.

అవి రాపిడి తగ్గించే కృత్రిమ కెంపులు. మామూలు కీ వాచీకి 17 చాలు.

అపోహ: ఉన్నట్టుండి ముందుకు పరుగెడితే మిషన్ పోయినట్టే.

ముందు అయస్కాంతం పట్టిందేమో చూపించండి. అదే అయితే నిమిషంలో వదులుతుంది.

అపోహ: కాస్త నూనె స్ప్రే కొడితే చాలు.

దయచేసి వద్దు. హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి.

అపోహ: డయల్ మీద రేడియం వెలగడం లేదు, ఇక ప్రమాదం లేదు.

రేడియం రేడియోధార్మిక పదార్థం, దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, సుమారు 1,600 ఏళ్ళు. చచ్చిపోయింది దాంతో కలిపిన వెలిగే పదార్థం మాత్రమే. 1960లకు ముందువాటిలో ఇది ఎక్కువ. అలాంటి వాచీని ఇంట్లో విప్పకండి, ముళ్ళు గీకకండి, బాగుకు ఇచ్చేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పండి.