సూదులతో నెల తప్పుతుందా? ఆక్యుపంక్చర్ మీద అపోహలు - వాస్తవాలు

కడపలో నా దగ్గరికి నడుము నొప్పికి, మోకాళ్లకి ఎంతమంది వస్తారో పిల్లల కోసమూ ఇప్పుడు అంతమంది వస్తున్నారు. దేవుని కడపలో మొక్కుకున్నారు, పెద్ద దర్గాకి పోయొచ్చారు, తిరుపతిలోనో బెంగళూరులోనో ఒక ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్స) అయ్యి ఫెయిలైంది, ఎవరో సూదుల గురించి చెప్పారు, వచ్చారు. కూర్చోగానే మొదటి మాట, "మేడం, ఎన్ని సిట్టింగులకి నెల తప్పుతుంది?" నేను బీఎన్‌వైఎస్, అంటే ప్రకృతి వైద్యం, యోగాల డిగ్రీ చదివినదాన్ని. ఆక్యుపంక్చర్, అంటే ఒంటి మీద కొన్ని పాయింట్లలో సన్నటి సూదులు పెట్టే చైనా వైద్యం, మా కోర్సులోనే ఉంటుంది, పదకొండేళ్లుగా రోజూ ఈ సూదులతోనే నా పని. వీటి మీద నాకు గౌరవం ఉంది కాబట్టే వీటి పేరు చెప్పి జనానికి ఇస్తున్న ఆశలు చూస్తే కడుపు మండుతుంది. నేను ఎక్కువగా వినేవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: సూదులు పెట్టించుకుంటే గర్భం వస్తుంది, ఐవీఎఫ్‌తో కలిపి పెట్టించుకుంటే ఛాన్సు బాగా పెరుగుతుంది.

వాస్తవం: ఈ మాట ఊరికే పుట్టలేదు. 2002లో జర్మనీలో 160 మంది మహిళల మీద ఒక అధ్యయనం చేశారు. పిండాన్ని గర్భసంచిలో పెట్టే రోజు ముందూ తర్వాతా సూదులు పెట్టినవాళ్లలో 42.5 శాతం మందికి గర్భం నిలిచింది, పెట్టనివాళ్లలో 26.3 శాతం మందికి. అప్పటినుంచి ప్రపంచమంతా ఇదే అంకె పట్టుకుని బోర్డులు రాసుకున్నారు. కానీ అందులో పోల్చింది సూదులు లేకుండా ఊరికే పడుకున్నవాళ్లతో. తర్వాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మందితో ఇంకా గట్టిగా చేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. సగం మందికి అసలు సూదులు, మిగతా సగానికి ఒంట్లో దిగని ఉత్తుత్తి సూదులు. బిడ్డ పుట్టింది అసలు సూదుల వాళ్లలో 18.3 శాతానికి, ఉత్తుత్తి సూదుల వాళ్లలో 17.8 శాతానికి. తేడా లేనట్టే.

పీసీఓడీ సంగతి కూడా అంతే. అండాశయంలో "నీటి బుడగలు" అంటారే మన వాళ్లు, అది సూదులతో కరిగిపోతుందని చాలామంది నమ్మకం. 2017లో వచ్చిన అధ్యయనం సాక్షాత్తూ చైనాలోనే, వెయ్యి మంది మీద చేశారు. అండం విడుదలకి ఇచ్చే క్లోమిఫీన్ మాత్ర వేసుకున్నవాళ్లలో, సూది అసలుదైనా ఉత్తుత్తిదైనా, నూటికి 28, 29 మందికి బిడ్డలు పుట్టారు. మాత్ర లేకుండా అసలు సూదులు మాత్రమే పెట్టించుకున్నవాళ్లలో 14 మందికే. పనిచేసింది మాత్ర. ఈ వైద్యం పుట్టిన దేశం వాళ్లే అంత నిజాయితీగా లెక్క చెప్పినప్పుడు, కడపలో కూర్చుని నేను వేరే లెక్క చెప్పలేను.

అపోహ: సైడ్ ఎఫెక్ట్స్ లేవు కదా, ముందు ఒక ఆరు నెలలు ఇది చూద్దాం, కాకపోతే అప్పుడు టెస్టులు చేయించుకుందాం.

వాస్తవం: ఇది అన్నిటికంటే ప్రమాదం, ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. ప్రాక్టీసు పెట్టిన రెండో ఏడు, ప్రొద్దుటూరు వైపు నుంచి ఒకామె వచ్చేది, ముప్పై మూడేళ్లు. వారానికి రెండుసార్లు, బస్సులో, వాళ్ల అత్తని వెంటబెట్టుకుని. వచ్చి పడుకోగానే తనే కాలి పట్టీ పైకి జరిపేది. చీలమండ లోపలి ఎముక మీద నుంచి నాలుగు వేళ్లు కొలిచి అక్కడ ఒక పాయింటు ఉంటుంది, గర్భసంచి సమస్యలకి మేం తప్పకుండా వాడేది. కొలిచేది నా వేళ్లతో కాదు, ఆమె వేళ్లతోనే, ఎందుకంటే ఎవరి ఒంటికి వాళ్ల వేళ్లే కొలత. ఎనిమిది నెలలు అలా కొలిచాను. పీరియడ్స్ సరిగ్గా వస్తున్నాయి, నొప్పి తగ్గింది, నిద్ర పడుతోంది, ఇద్దరం సంతోషపడ్డాం. అండం గర్భసంచికి చేరే ట్యూబుల టెస్టు అయిందా అని ఒక్కసారి కూడా అడగలేదు నేను. చివరికి ఎవరో చెబితే వేరే ఊళ్లో చేయించుకుంది, రెండు ట్యూబులూ మూసుకుపోయి ఉన్నాయి, ఎప్పుడో వచ్చిపోయిన టీబీ వల్ల. గర్భసంచికి, ట్యూబులకి టీబీ రావడం మన దేశంలో అరుదేమీ కాదు, పైకి దగ్గు, జ్వరం ఏమీ లేకుండానే రావచ్చు. మూసుకుపోయిన ట్యూబుని సూది తెరవలేదు. ఆ ఎనిమిది నెలలు నేను ఆమెకి తిరిగి ఇవ్వలేను.

అండాల లెక్క కూడా అలాంటిదే. ఆడపిల్ల పుట్టేటప్పుడే ఆమెకి ఉండే అండాలన్నీ ఉంటాయి, పది నుంచి ఇరవై లక్షల దాకా. పెద్దమనిషి అయ్యేసరికి మూడు నాలుగు లక్షలే మిగులుతాయి, తర్వాత తగ్గడమే తప్ప పెరగడం లేదు. ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో చెప్పే హార్మోన్) పెంచుతాం అని ఎవరన్నా ప్యాకేజీ చెబితే లేచి వచ్చేయండి. ముప్పై అయిదు లోపు వాళ్లు ఏడాది పాటు కలిసి ఉండి ప్రయత్నించినా నెల తప్పకపోతే, ముప్పై అయిదు దాటినవాళ్లు ఆరు నెలలకే, గైనకాలజిస్టు దగ్గరికి పోవాలి. పీరియడ్స్ అసలే సరిగ్గా రాకపోతే అంతవరకు కూడా ఆగొద్దు. ఇప్పుడు నేను రిపోర్టులు చూడకుండా పిల్లల కోసం వచ్చినవాళ్లకి సూది ముట్టుకోను, కొందరు కోపం తెచ్చుకుని వేరే చోటికి పోతారు, పోనీ.

అపోహ: కోడలు వస్తే చాలు, మా వాడికేం, బాగున్నాడు.

వాస్తవం: పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వీర్యపరీక్ష కొన్ని వందల రూపాయలతో అయిపోతుంది, రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి ఇవ్వాలి, అంతే. అయినా అది చేయించడానికి ఇంట్లో రెండేళ్లు పడుతుంది, ఈలోగా ఆ పిల్లకి ట్యూబుల టెస్టూ అయిపోతుంది, హార్మోన్ల ఇంజెక్షన్లూ అయిపోతాయి, గొడ్రాలన్న మాటా పడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం మిల్లీలీటరుకి కోటీ అరవై లక్షల కణాలు కింది హద్దు. అంతకంటే తక్కువ వచ్చిందని కంగారు పడొద్దు. వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది, ఈమధ్య గట్టి జ్వరం ఏదన్నా వచ్చి ఉంటే కౌంట్ పడిపోతుంది, మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. పొయ్యి దగ్గర, బాయిలర్ల దగ్గర గంటల తరబడి వేడిలో నిలబడేవాళ్లు, గుట్కా, సిగరెట్ అలవాటున్నవాళ్లు అది కూడా డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి.

అపోహ: "మీ కిడ్నీ వీక్‌గా ఉంది" అన్నారు, అంటే కిడ్నీ పాడైనట్టే.

వాస్తవం: కాదు. చైనా వైద్యంలో కిడ్నీ అంటే మనం స్కానింగ్‌లో చూసే అవయవం ఒక్కటే కాదు, పుట్టుక, ఎదుగుదల, సంతానం అన్నిటికీ మూలమైన శక్తి అక్కడ నిలవ ఉంటుందని వాళ్ల లెక్క. మన ఆయుర్వేదంలో వాతం అంటే గాలి ఒక్కటే కాదు కదా, అలాంటిదే. ఇది విడమర్చి చెప్పకుండా ఎవరో అనేస్తే, ఒకమ్మాయి రాత్రంతా ఏడ్చి పొద్దున్నే కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ టెస్టుకి డబ్బు పెట్టుకుంది. నాడి చూసి, నాలుక చూసి మేం చెప్పేది మా పద్ధతిలో ఏ పాయింట్లు ఎంచుకోవాలో తెలుసుకోడానికి, అది ల్యాబ్ రిపోర్టు కాదు.

అపోహ: చైనా మూలికలు ఆకులు అలములే, ఏం కాదు.

వాస్తవం: అవుతుంది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల క్యాప్సూల్స్ వాడిన మహిళలకి కిడ్నీలు పోయాయి, దాదాపు వంద మందికి. ఒక మూలిక బదులు పేరు దగ్గరగా ఉండే ఇంకోటి కలిసింది, అందులో అరిస్టలోకిక్ యాసిడ్ అనే విషం ఉంది. తర్వాత వాళ్లలో కొందరికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. పిల్లల కోసం ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ప్యాకెట్లలో దాంగ్ గుయ్ అనే వేరు ఎక్కువగా ఉంటుంది. రక్తం పలచబడే మందులతో అది కలిస్తే బ్లీడింగ్ పెరగొచ్చు. ఐవీఎఫ్‌లో ఎకోస్ప్రిన్, హెపారిన్ ఇంజెక్షన్లు చాలామందికి రాస్తారు, ఇప్పుడు అర్థమైందా ఎందుకు భయపడుతున్నానో? నేను మూలికలు ఇవ్వను. ఇప్పటికే వాడుతుంటే ఆ ప్యాకెట్ తీసుకెళ్లి మీ డాక్టర్‌కి చూపించండి.

ఇంకొన్ని చిన్నవి. సూది గర్భసంచికి తగులుతుందేమో అని భయపడతారు. లేదు, కడుపు మీద పెట్టేది చర్మం దాటి కండ దాకా, అంతే. సూది మందం పావు మిల్లీమీటరు, వెంట్రుక కంటే రెండు మూడింతలు లావు, అంతే. ప్యాకెట్ మీ ముందే చించాలి, వాడాక పారేయాలి. ఆ నెల గర్భం నిలిచిందేమో అని ఏమాత్రం అనుమానం ఉన్నా పడుకునే ముందే చెప్పండి, కొన్ని పాయింట్లు అప్పుడు వదిలేస్తాం. చైనా వైద్యం మన ఒంటికి పడదు అనేవాళ్లకి ఒక మాట: సూదులతో పాటు కాల్చి వేడి పట్టించే మోక్సా ఉంది కదా, అది వినాయక చవితి పత్రిలో మొట్టమొదట వేసే మాచిపత్రి కుటుంబపు ఆకే.

మరి మీ దగ్గరికి ఎందుకు రావాలి అంటే, నేను కళ్లారా చూసేది చెబుతాను. ఐవీఎఫ్ మధ్యలో ఉన్నవాళ్లకి నిద్ర ఉండదు. రిజల్ట్ వచ్చేదాకా ఆ రెండు వారాలు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు, అదే ఇంకా భారం. వాళ్లు నా బల్ల మీద అరగంట పడుకుంటారు, పదో నిమిషానికి భుజాలు దిగుతాయి, కొందరు గురక పెడతారు. నెలసరి నొప్పి తగ్గుతుంది చాలామందికి. టెన్షన్ భరించలేక ట్రీట్‌మెంటు మధ్యలో మానేద్దామనుకున్నవాళ్లు మానకుండా పూర్తి చేస్తారు. ఆ మేరకే నేను ఫీజు తీసుకుంటాను, బిడ్డకి కాదు.

చివరిగా కువైట్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్ల కోసం. రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఇలాంటి జంటలు చాలామంది వస్తారు. పెళ్లై నాలుగేళ్లు అంటారు, లెక్కవేస్తే కలిసి ఉన్నది మొత్తం అయిదు నెలలు. దాన్ని సంతానలేమి అని అనకూడదు, అనిపించుకోకూడదు కూడా. సెలవు నలభై అయిదు రోజులే ఉంటే అందులో పదిహేను సిట్టింగులు నాకు ఇవ్వొద్దు. దిగిన మొదటి వారంలోనే ఆయన వీర్యపరీక్ష చేయించుకోవాలి. ఆమె గత ఆరు నెలల పీరియడ్ తేదీలు రాసుకుని ఇద్దరూ గైనకాలజిస్టు దగ్గరికి పోవాలి. అండం విడుదలైన రోజు, దానికి ముందు అయిదు రోజులు, ఆ నెలలో అవే అసలు రోజులు, ఊళ్లో పెళ్లిళ్లకి చుట్టాలిళ్లకి ఆ వారం తిరగొద్దు. తిరిగి వెళ్లేలోపు వీర్యం ఫ్రీజ్ చేయించే వీలు ఐవీఎఫ్ సెంటర్లలో ఉంటుంది, మీకు అది అవసరమా అని అక్కడే అడగండి. సూదులకి ఆయన విమానం ఎక్కాక రావచ్చు, నేను ఇక్కడే ఉంటాను.