బోదెకి అడ్డంగా నాలుగు పారల మన్ను

మాది రణస్థలం దగ్గర పల్లె. చెరువు మదుము ఎత్తిన రోజున నీళ్లు ఎవరి మడికి పారాలో తేల్చేది బోదె పక్కన పార పట్టుకుని నిలబడ్డ మనిషే. అతను నీళ్లు తేడు, తోడడు. బోదెకి అడ్డంగా నాలుగు పారల మన్ను వేస్తాడు, నీరు దానంతటదే పక్కకి తిరుగుతుంది. మూలకణాల ల్యాబుల్లో వాడే ఇన్హిబిటర్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పారే గుర్తొస్తుంది.

మూలకణం అంటే ఇంకా ఏదీ కాని కణం. ముందుముందు గుండె కావచ్చు, నరం కావచ్చు, కిడ్నీ కావచ్చు. బయట నుంచి ఓ సంకేతం వచ్చి తగిలితే, లోపల ఒక ప్రొటీన్ ఇంకోదాన్ని, అది మరోదాన్ని తట్టి లేపుతూ కేంద్రకం దాకా కబురు చేరుస్తాయి. ఆ వరసలో ఏదో ఒకదానికి అతుక్కుని దాన్ని పని చేయనివ్వని చిన్న అణువే ఇన్హిబిటర్.

ఎలుక పిండం నుంచి మూలకణాలను 1981లోనే వేరు చేశారు. వాటిని అలాగే నిలపడమే తలనొప్పి. కాస్త ఏమరితే అటో ఇటో మారిపోయేవి. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) పోశారు, రకరకాల ప్రొటీన్లు కలిపారు. ఇంకేం కలపాలి అనేదే అందరి టెన్షన్. 2008లో ఆస్టిన్ స్మిత్, చీ-లాంగ్ యింగ్ బృందం లెక్క తిరగేసింది. ఆ కణాన్ని కదిలిస్తున్నది ఆ కణమే! ఎఫ్‌జీఎఫ్4 అనే ప్రొటీన్‌ను తనే తయారు చేసి, బయటికి వదిలి, మళ్లీ తనే అందుకుని మారడానికి సిద్ధమవుతుంది. ఆ కబురు నడిచే దారిలో మెక్ అనే ఎంజైము ఉంది. దాన్ని పీడీ0325901 అనే ఇన్హిబిటర్‌తో మూసేశారు.

రెండో మందు ఇంకా తమాషా. జీఎస్‌కే3 అనే ఎంజైము బీటా-కెటెనిన్ అనే ప్రొటీన్‌ను ఎప్పటికప్పుడు చెత్తబుట్టలో వేయిస్తుంటుంది. సీహెచ్‌ఐఆర్99021తో దాని చేతులు కట్టేస్తే బీటా-కెటెనిన్ బతికిపోతుంది, కణం మూలకణంగానే నిలుస్తుంది. అడ్డుకే అడ్డు అన్నమాట. ఈ జోడీని ల్యాబుల్లో టూ-ఐ, అంటే రెండు ఇన్హిబిటర్లు, అంటారు. (పీడీ అంటే పార్క్-డేవిస్, సీహెచ్‌ఐఆర్ అంటే కైరాన్: కంపెనీల గుర్తులు. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో చేసేవాళ్లకి ఇలాంటి కోడ్ పేర్లు వింతేం కాదు.)

మోతాదు చూస్తే నవ్వొస్తుంది. సీహెచ్‌ఐఆర్ 3 మైక్రోమోలార్, అంటే లీటరుకి సుమారు 1.4 మిల్లీగ్రాములు. బియ్యపు గింజ బరువులో పదో వంతు కూడా ఉంటుందో లేదో. ఆ పొడిని డీఎంఎస్‌ఓ అనే ద్రవంలో కరిగించి ఫ్రీజర్‌లో దాస్తారు. డీఎంఎస్‌ఓ 18 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, చలికాలం కొబ్బరినూనె సీసాలాగ. పూర్తిగా కరిగేదాకా ఆగి అప్పుడు పిపెట్ ముంచాలి.

మనిషి కణాల దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఎలుక కణాన్ని ఉన్నచోటే నిలిపిన సీహెచ్‌ఐఆర్, మనిషి కణాన్ని ముందుకు తోస్తుంది. ఆస్ట్రేలియాలో మెలిసా లిటిల్ బృందం 2015లో దీన్నే వాడుకుంది. 8 మైక్రోమోలార్ సీహెచ్‌ఐఆర్‌ను కొద్ది రోజులే ఉంచితే కణాలు మూత్రం సేకరించే గొట్టాల వైపు మొగ్గాయి. ఇంకో రోజో రెండు రోజులో ఎక్కువ ఉంచితే రక్తం వడకట్టే నెఫ్రాన్ల వైపు తిరిగాయి. మందు అదే, గిన్నే అదే, మన్ను ఎంతసేపు ఉందన్నదే తేడా. ఆ తర్వాత మరికొన్ని ప్రొటీన్ల సాయంతో గర్భంలో మొదటి మూడు నెలల శిశువు కిడ్నీని పోలిన బుల్లి ముద్ద తయారైంది. దాన్ని ఆర్గనాయిడ్ అంటారు.

ఇది చదివి కవిటిలోనో వజ్రపుకొత్తూరులోనో డయాలసిస్‌కి తిరుగుతున్నవాళ్లు ఆశ పడకూడదు. ఆ ముద్ద రక్తం శుద్ధి చేయలేదు, మూత్రం బయటికి పోయే దారే దానికి లేదు. కానీ సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు దాని మీద వేస్తే, మనిషి కిడ్నీలో ఎక్కువగా దెబ్బతినే నాళాల్లోని కణాలే రాలిపోయాయి. ఆ ప్రాంతంలో ఎందరినో పట్టిన ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు. అనుమానమున్న పదార్థాలను ఒక్కొక్కటిగా ఇలాంటి ముద్దల మీద వేసి ఏ కణం ముందు పడిపోతుందో చూడొచ్చు. దానికి మాత్రం ఎవరి ఒంట్లోకీ సూది గుచ్చక్కర్లేదు.