పాత ఇత్తడి దుర్భిణి: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఇత్తడి వస్తువే కాబట్టి చింతపండుతో తోమి, బఫింగ్ పట్టిస్తే కొత్తదానిలా మెరుస్తుంది, మంచి ధర కూడా పలుకుతుంది.

వాస్తవం: కాకినాడ నుంచి, కోనసీమ నుంచి మరమ్మతుకు నా వద్దకు వచ్చే దుర్భిణులలో ఎక్కువ భాగం ఈ ఒక్క నమ్మకం వల్లనే పాడై వస్తున్నాయి. ఇత్తడి సామానుకు పేరున్న అజ్జరం ఊరి బిందెకో గంగాళానికో చింతపండు అంతగా హాని చేయదు గాని, దుర్భిణి గొట్టాలు పలుచని రేకుతో, ఒకదానిలో ఒకటి వదులు లేకుండా జారేటట్లు చేసినవి. వాటిమీద చాలాసార్లు మురికిగా కనిపించే గోధుమరంగు మురికి కాదు. ఇత్తడిని వేడిచేసి పూసిన లక్క పూత వయసు మీరి అలా మారుతుంది. ఆ పూతను గీకేస్తే మన ఉప్పుగాలికి లోహం ఒక్క వానాకాలంలోనే నల్లబడుతుంది. పులుపు ఇత్తడిలోని జింకును లాగివేయడం వల్ల పైన రాగి ఎరుపు మిగులుతుంది. బఫింగ్ చక్రమైతే కంటివైపు గొట్టంపై చెక్కిన తయారీదారు పేరును, ఊరిని అరగదీస్తుంది; వస్తువు వయసు చెప్పే సాక్ష్యం అదే.

ఆ మధ్య అమలాపురం వైపు నుంచి ఒక పెద్దావిడ తమ మామగారి తండ్రి రంగూన్ ఓడలలో పనిచేసిన కాలంనాటి దుర్భిణిని తెచ్చారు. ఇంట్లో పెళ్లికి ముందు దానిని విప్పకుండానే చింతపండు నీళ్లలో రాత్రంతా నానబెట్టారట. పులుపు మరలలోకి దిగి, ముందు లెన్సు చట్రం చుట్టూ పచ్చని చిలుము పట్టింది. "నా చేతులతోనే పాడుచేశానా అండీ?" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అంత బాధపడవలసిన అవసరం లేదు. బిగుసుకున్న చట్రాన్ని పైపు రెంచితో తిప్పకుండా, మరలకు కిరోసిన్ పట్టించి, కోత పెట్టిన చెక్కదిమ్మలో ఆనించి, కొయ్యసుత్తితో చుట్టూ మెల్లగా తట్టుతూ పోతే అది వదులైంది. ముందు లెన్సు నిజానికి క్రౌన్, ఫ్లింట్ అనే రెండు రకాల గాజులు కలిసిన జత. కెనడా బాల్సం అనే పారదర్శకమైన జిగురుతో అతికించి ఉంటుంది. విడదీసేముందు రెండింటి అంచులమీద పెన్సిలుతో ఒకే గీత గీసుకోవాలి, లేకపోతే తిరిగి అదే కుదురు రాదు. నీళ్లలో నెమ్మదిగా వేడి పెంచి విడదీసి, శుభ్రం చేసి, మళ్లీ అతికించాక ఆవలి లంకలోని కొబ్బరి మట్టల ఈనెలు విడివిడిగా కనబడ్డాయి.

మీరు ఇంట్లో చేయదగినది ఇంతే: మెత్తని గుడ్డతో దుమ్ము తుడవండి, అవసరమైతే గుడ్డను కొద్దిగా తడిపి తుడిచి వెంటనే ఆరబెట్టండి, అక్కడితో ఆపండి. అమోనియా కలిసిన పాలిష్‌లు అసలే వద్దు. బ్రిటిష్ సైన్యపు ఇత్తడి తూటా గొట్టాలు మన దేశపు వానాకాలంలో పగిలిపోవడానికి కారణం అమోనియాయేనని 1921లో తేలింది. పశువుల మూత్రం నుంచి కూడా అమోనియా వస్తుంది; పశువుల సావిడి అటకమీద దుర్భిణిని దాచవద్దని నేను చెప్పేది ఇందుకే.

అపోహ: అద్దం మసకబారితే ఇక పనికిరాదు.

వాస్తవం: చాలాసార్లు అది బూజు లేదా ఊడిన బాల్సం మాత్రమే. రెండింటినీ చాలావరకు సరిచేయవచ్చు.

అపోహ: పాత దుర్భిణిలో ఇరిడియం ఉంటుంది, బియ్యాన్ని లాగుతుంది, కోట్లు పలుకుతుంది.

వాస్తవం: ఇది పచ్చి మోసం. "పరీక్షకు అడ్వాన్సు" అడిగినవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, పోలీసులకు చెప్పండి.

అపోహ: లండన్ అని చెక్కి ఉంటే అసలైనదే.

వాస్తవం: విక్టోరియా రాణి 1901లో మరణించారు. అయినా "విక్టోరియన్, లండన్, 1915" అని చెక్కిన అలంకరణ వస్తువులు బజారులో ఎన్నో ఉన్నాయి. అసలైనదై నూరేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, దానిని సొంతంగా విదేశాలకు పంపకూడదు.

అపోహ: తోలు సంచిలో పెడితే భద్రం.

వాస్తవం: తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది. సంచిని విడిగా దాచి, దుర్భిణిని నూలు గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టి, వానాకాలంలో నెలకొకసారి తెరిచి చూడండి.