కౌన్సెలింగ్ గదిలో గాలి సంగతి ఎవరు చూడాలి?

బెంగళూరు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో నాలుగు రోజులుగా ఒకటే చర్చ. వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న ఒక కౌన్సెలింగ్ సెంటర్ ఆన్‌లైన్ సెషన్లు ఆపేసింది. ఇకపై అందరూ నేరుగా రావాలని, గదిలో మాస్కు తీయాలని నోటీసు పంపింది. అది అందుకున్నవాళ్లలో కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న ఒకమ్మాయి ఉంది. వాళ్లమ్మకు కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రిలో కీమో నడుస్తోంది. "అక్కడి నుంచి దగ్గు పట్టుకొస్తే అమ్మకు ప్రమాదం. సెషన్ మానేస్తే నాకు నిద్రుండదు" అని ఆమె పెట్టిన మెసేజ్‌తో గొడవ మొదలైంది. కోవిడ్ ఎప్పుడో పోయింది కదా, ఇంకా ఎందుకీ భయం అని కొందరు. మీ ఇంట్లో కీమో పేషెంట్ ఉంటే తెలుస్తుంది అని ఇంకొందరు.

లాక్‌డౌన్ కథ అందరూ చూసిందే, మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈ తగాదా వేళ్లు 2020 మార్చిలో కాదు, 2021 మేలో ఉన్నాయి.

ఆ నెల 20న కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం కోవిడ్ వ్యాప్తి మీద ఒక సలహాపత్రం విడుదల చేసింది. నోటి నుంచి వచ్చే పెద్ద తుంపర్లు రెండు మీటర్లలోపే రాలిపోతాయి, సన్నని ఏరోసాల్ కణాలు మాత్రం పది మీటర్ల దాకా గాలిలో వెళ్లగలవు అన్నది అందులో ముఖ్యమైన మాట. తలుపులు, కిటికీలు బిగించి ఏసీ నడిపితే రోగి వదిలిన గాలి గదిలోనే ఉండిపోతుందని, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టుకోవాలని, ఫ్యాను ఎటువైపు ఉండాలో బొమ్మలు గీసి మరీ చెప్పింది.

అంతకు ముందు ఏడాది పాటు మనకు చెప్పింది వేరు. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్ గాలి ద్వారా వచ్చేది కాదని ట్విట్టర్‌లో గట్టిగానే ప్రకటించింది. అప్పటికే, అదే నెల 10న అమెరికాలోని స్కాజిట్ వ్యాలీలో 61 మంది రెండున్నర గంటలు కూర్చుని బృందగానం సాధన చేశారు. వారిలో 53 మందికి జబ్బు వచ్చింది, ఇద్దరు చనిపోయారు. నోరు తెరిచి పాడినా, గట్టిగా మాట్లాడినా కణాలు ఎక్కువగా వస్తాయని ఆ ఘటన మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతూనే వచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మాట స్పష్టంగా మార్చుకునేసరికి 2021 ఏప్రిల్ నెలాఖరైంది. ఈలోగా ప్రతి క్లినిక్కూ శానిటైజర్ సీసాలు, థర్మల్ గన్లు, టేబుల్ మధ్యలో ప్లాస్టిక్ అడ్డాలు కొనేసింది.

ఇప్పుడు కౌన్సెలింగ్ గదిని తలచుకోండి. పదడుగుల గది. బయటివాళ్లకు మాట వినిపించకూడదని తలుపు గట్టిగా మూస్తారు. కిటికీ ఉంటే దానికి అద్దం బిగించి, మందపాటి తెర వేస్తారు. పైన స్ప్లిట్ ఏసీ. అది బయటి గాలిని తీసుకోదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. ఇద్దరు మనుషులు ముక్కాలు గంట మాట్లాడుకుంటారు, ఒక్కోసారి వెక్కి వెక్కి ఏడుస్తారు. ఒకరు వెళ్లగానే ఇంకొకరు వచ్చి అదే గాలిలో కూర్చుంటారు. మనసులో మాట బయటికి పొక్కకుండా కాపాడే ఏర్పాటే ఊపిరికి అపాయం తెచ్చేదైంది. వైద్యంలో ఇంత నేరుగా ఢీకొనే రెండు అవసరాలు తక్కువ.

2021 మేలో ఆ సలహాపత్రం వచ్చాక ఈ గదులు మారాల్సింది. ఎందుకు మారలేదంటే, అప్పుడు ఆ గదుల్లో ఎవరూ లేరు. రెండో వేవ్‌లో కర్ణాటక ఏప్రిల్ 27 నుంచే మూతపడింది. థెరపిస్టులందరూ ఫోన్లలో, వీడియోల్లో ఉన్నారు. మళ్లీ తెరిచేనాటికి సోఫాలు దులిపారు, ప్లాస్టిక్ అడ్డాలు తీసేశారు. గాలి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నా దృష్టిలో నేటి గొడవంతా అక్కడే పుట్టింది.

ఫోన్ వైద్యం కథ కాస్త వెనక్కి వెళ్లి చెప్పాలి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు రిజిస్టరైన డాక్టర్ల కోసం రాసినవి. మందులు రాసే సైకియాట్రిస్టు వాటి కిందికి వస్తాడు. వారం వారం మాట్లాడే సైకాలజిస్టు రాడు. ఆ లోటు తీర్చడానికి అదే ఏడాది బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్, టెలి సైకోథెరపీకి, అంటే ఫోన్‌లో, వీడియోలో సాగే థెరపీకి, విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. అనంతపురం, చిత్తూరు నుంచి బస్సెక్కి నిమ్హాన్స్‌కు వచ్చే కుటుంబాలకు సరిహద్దు మూసిన ఆ రోజుల్లో ఫోనే దిక్కయింది.

అయితే ఫోన్‌కూ ఇబ్బందులున్నాయి, సెంటర్ల వాదనలో బలం ఇక్కడే. మారతహళ్లి పీజీ హాస్టల్లో ముగ్గురు పడుకునే గదిలో తండ్రి మీద కోపం గురించి ఎలా మాట్లాడతారు? వాటర్ ట్యాంకు పక్కన నిలబడి, ఆగి ఉన్న బండి మీద కూర్చుని సెషన్లు చేసినవాళ్లు నాకు తెలుసు. ముఖం నిండుగా కనపడకపోతే కొన్ని సంగతులు చేజారతాయని థెరపిస్టులు చెప్పేది కూడా నిజమే. కానీ దానికి పరిష్కారం అందరినీ బిగించిన గదిలోకి రమ్మనడం కాదు.

2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416 నంబరు, తెలుగులోనూ పలుకుతుంది. కష్టంలో ఉన్నప్పుడు చాలా మేలు చేసే సేవ అది. కానీ ఏళ్ల తరబడి ఒకే మనిషితో సాగే థెరపీకి అది ప్రత్యామ్నాయం కాదు. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ ముగిసిందని అనలేదు. చాలామంది రెండూ ఒకటే అనుకున్నారు.

మరి గది గాలి ఎలా ఉండాలో ఎవరు చెప్పాలి? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చింది. కానీ అది రిజిస్టర్ చేయమనేది రోగులను చేర్చుకుని ఉంచుకునే సంస్థలను. గంటసేపు మాట్లాడి పంపే సెంటర్ దాని లెక్కలోకి రాదు. అందుకే ఇది నోటీసు పెట్టేవాళ్ల ఇష్టంగా మిగిలింది.

నిజానికి ఇందులో ఎక్కువ ప్రమాదం థెరపిస్టుదే. క్లయింట్ ఒక్క గంట ఆ గాలి పీలుస్తాడు, థెరపిస్టు రోజంతా పీలుస్తుంది. సన్నని కణాలను పట్టేసే హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ పెడితే గాలి శుభ్రమవుతుంది. తలుపు పక్కన పెడితే దాని రొదకు లోపలి మాట బయటికి అంతగా వినపడదు కూడా. బెంగళూరు వాతావరణంలో ఏడాదిలో చాలా నెలలు ఏసీ లేకుండా, వీధి వైపు కాని కిటికీ తెరిచి కూర్చోవచ్చు. సెషన్‌కూ సెషన్‌కూ మధ్య పావుగంట గది ఖాళీగా వదలొచ్చు.

ఆ అమ్మాయి, ఆమెతో గొంతు కలిపినవాళ్లు అడిగినవి కూడా ఇలాంటివే. మాస్కు ఉంచుకుంటానంటే కాదనకూడదు. గదికి గాలి ఎలా వస్తుందో ముందే చెప్పాలి. అన్నిటికన్నా గట్టిగా పట్టుబడుతున్నది ఫీజు మీద. ఒకరోజు ముందు చెప్పకుండా మానేస్తే పూర్తి ఫీజు కట్టాలన్నది ఆ సెంటర్ నిబంధన. డబ్బు పోతుందని జ్వరంతోనే వస్తున్నవాళ్లున్నారు. ఒంట్లో బాగాలేని రోజు ఫీజు కోత లేకుండా ఫోన్ సెషన్‌కు మార్చాలని వాళ్లు రాసి ఇచ్చారు. సెంటర్ ఇంకా జవాబివ్వలేదు.