టరాంటులా లెక్చర్ల వీకెండ్: అపోహలు – వాస్తవాలు

బ్రిటన్‌లో టరాంటులాలు పెంచేవాళ్లకు సంఘాలున్నాయి. బ్రిటిష్ టరాంటులా సొసైటీ 1984 నుంచి నడుస్తోంది. ఇక్కడే ఉంటూ ఈ పెద్ద సాలీళ్లను పెంచుతున్నాను కాబట్టి, ఎక్కడైనా శని, ఆదివారాలు లెక్చర్లు పెట్టారంటే వీలు చూసుకుని వెళ్తుంటాను. ఆ మాట చెప్పగానే మనవాళ్లు అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: అక్కడ అందరూ సాలీళ్లను భుజం మీద ఎక్కించుకుని తిరుగుతారు.

లెక్చర్ హాల్లో కనిపించేవి ప్రొజెక్టరు, ప్లాస్టిక్ కుర్చీలు, చల్లారిన టీ. ఏళ్ల తరబడి పెంచినవాళ్లు సాలీడును చేత్తో పట్టుకోరు. ధైర్యం లేక కాదు. దాని పొట్ట తోలు చాలా పల్చన. నిలబడ్డ మనిషి చేతిలోంచి జారిపడితే పొట్ట పగిలి చచ్చిపోవచ్చు. ఫొటో కోసం చేతిలోకి తీసుకునేది ఎక్కువగా కొత్తవాళ్లే.

అపోహ: కరిస్తే మనిషి బతకడు.

టరాంటులా విషం వల్ల మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన కేసు లేదు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు. భారత్, శ్రీలంకల్లో చెట్ల తొర్రల్లో ఉండే పోసిలోథీరియా రకాలు కరిస్తే కండరాలు పట్టేస్తాయి, ఆ బాధ రోజుల తరబడి ఉంటుంది. అమెరికా ఖండాల రకాలు చాలావరకు కరవడం కంటే వెంట్రుకలనే ఎక్కువ నమ్ముకుంటాయి. వెనక కాళ్లతో పొట్టను రుద్ది సన్నటి ముళ్ల వెంట్రుకలను గాల్లోకి వదులుతాయి. లీడ్స్‌లో ఒకాయన తన చిలీ రోజ్ టరాంటులా ఉన్న గాజు పెట్టె శుభ్రం చేస్తుంటే ఆ వెంట్రుకలు కంట్లో గుచ్చుకున్నాయి. బయటికి తీయడానికి కూడా వీల్లేనంత చిన్నవి. ఆ కేసు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పెట్టె మూత తీసే ముందు నేను కళ్లద్దాలు పెట్టుకోవడం అందుకే.

అపోహ: జువాలజీ చదివినవాళ్లకు తప్ప లెక్చర్లు అర్థం కావు.

వర్గీకరణ మీద మాట్లాడేటప్పుడు వెనక వరుసలో కునుకు తీసేవాళ్లు ఉంటారు, ఒప్పుకుంటాను. కానీ పాము కుబుసంలా సాలీడు విడిచిన తోలు చూసి ఆడో మగో చెప్పడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎండిన తోలు ముట్టుకుంటే విరిగిపోతుంది కాబట్టి ముందు గోరువెచ్చటి నీళ్లలో ఒక్క చుక్క గిన్నెల సబ్బు వేసి నానబెడతారు. నలిగి ముద్దయిన పొట్ట భాగాన్ని సన్నటి బ్రష్‌తో మెల్లగా విప్పి, లోపలి వైపు పైకి వచ్చేలా పరుస్తారు. నాలుగు తెల్లటి మచ్చలు కనిపిస్తాయి, అవి ఊపిరితిత్తుల గుర్తులు. పై రెండింటి మధ్య గీత దగ్గర చిన్న సంచి లాంటి మడత నిలబడి ఉంటే ఆడది. కంగారుపడితే సరిగ్గా అక్కడే చిరుగుతుంది. ఇదంతా ఎందుకంటే, చాలా రకాల్లో ఆడది ఇరవై ఏళ్లు కూడా బతుకుతుంది. మగది ఈడుకొచ్చాక ఎక్కువ కాలం ఉండదు.

అపోహ: వెల్లకిలా పడి ఉందంటే చచ్చిపోయినట్టే.

కాదు, తోలు విడుస్తోంది. కదపకండి. చచ్చిన సాలీడు కాళ్లు లోపలికి ముడుచుకుపోతాయి.

అపోహ: గుత్తి టరాంటులా గుత్తిలో ఉంటుంది.

ఈ లెక్చర్లలో స్లైడు మీద నీలిరంగు పోసిలోథీరియా మెటాలికా (గుత్తి టరాంటులా శాస్త్రీయ నామం ఇదే) బొమ్మ పడితే హాలంతా నిటారుగా కూర్చుంటుంది. నాకైతే అనంతపురం జిల్లా పేరును ఇంగ్లిష్ వాళ్ల నోట వినడం భలే సరదా. పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో దీన్ని వర్ణించినప్పుడు ఆయన దగ్గరున్నది ఒకే ఒక్క నమూనా. అది గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. ఆ తర్వాత వందేళ్లపాటు ఎవరికీ కనపడలేదు. 2001లో మళ్లీ కనిపించింది గుత్తిలో కాదు, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో. అక్కడి నుంచే కట్టెలతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని పరిశోధకుల అంచనా. తెలిసినంతలో అది ఉండే చోటు 100 చదరపు కిలోమీటర్ల లోపే. కట్టెల కోసం చెట్లు కొట్టేస్తే దానికి తొర్ర ఉండదు. 2008 నుంచి ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో అత్యంత ప్రమాదంలో ఉన్న జీవిగా ఉంది. ఇక ఆ నీలం ఏ వర్ణద్రవ్యం వల్లా వచ్చింది కాదు, వెంట్రుకల్లోని అతిసూక్ష్మ నిర్మాణం మీద వెలుతురు పడి వచ్చేది.

అపోహ: పెట్టెల్లో పుట్టిన పిల్లలే కదా, కొనుక్కుని హైదరాబాద్ తెచ్చుకోవచ్చు.

యూరప్‌లో అమ్మేవి ఎక్కువగా పెట్టెల్లో పుట్టినవే, నిజమే. వాటి ముత్తాతలు ఆ అడవి దాటి ఎలా వచ్చాయని టీ బ్రేకులో అడిగి చూడండి, మాట మారిపోతుంది. పోసిలోథీరియా మొత్తాన్నీ 2019లో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం అనుబంధం–2లో చేర్చారు. అప్పటి నుంచి పర్మిట్ లేకుండా దేశం దాటించకూడదు. నంద్యాల పక్క అడవిదే కదా, సొంతూరికే తెస్తున్నానంటే కస్టమ్స్ వాళ్లు వినరు.