చేపకి గాలి, బిడ్డకి నీళ్లు

"సార్, లీటరు నీళ్లు తాగి, బాత్రూమ్‌కి వెళ్లకుండా రమ్మన్నారు. ఎందుకు?" కావలి నుంచి నా పాత స్టూడెంట్ ఫోన్. నెల తప్పింది, చివరి నెలసరి నుంచి లెక్కేస్తే ఇప్పుడు ఏడో వారం, నెల్లూరులో మొదటి స్కానింగ్. వాళ్ల నాన్నకి జువ్వలదిన్నెలో మరబోటు ఉంది. అందుకే జవాబు బోటు నుంచే మొదలుపెట్టాను.

బోటు అడుగున ఉండే ఫిష్ ఫైండర్ నీళ్లలోకి ఒక శబ్దం వదులుతుంది, అది తగిలి తిరిగొచ్చే దాకా టైమ్ లెక్కపెడుతుంది. స్కానింగ్ యంత్రం చేసేదీ అదే. సముద్రంలో శబ్దం వేగం సెకనుకి సుమారు 1500 మీటర్లు, మన ఒంట్లోని మెత్తటి భాగాల్లో సగటున 1540. మన ఒళ్లు చాలావరకు నీళ్లే కాబట్టి పెద్ద తేడా లేదు. 30 మీటర్ల లోతుకి వెళ్లి రావడానికి సెకనులో 25వ వంతు పడితే, కడుపులో 10 సెంటీమీటర్లకి సెకనులో లక్షకి 13 వంతులు చాలు.

పదార్థం హఠాత్తుగా మారిన చోట శబ్దం వెనక్కి తిరుగుతుంది. చేప కండకీ నీళ్లకీ తేడా తక్కువ. కానీ చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. నీళ్ల నుంచి గాలికి మారే చోట దాదాపు 99.9 శాతం శబ్దం తిరిగొచ్చేస్తుంది. తెర మీద మెరిసేది ఎక్కువగా ఆ గాలే. గాలితిత్తి లేని సొర మసకగా కనిపిస్తుంది.

చేపని పట్టించే ఆ గాలే బిడ్డని దాచేస్తుంది! తొలి వారాల్లో గర్భసంచి కటిలో లోతుగా, మూత్రాశయం వెనక ఉంటుంది. దాని మీదకి పేగులు జారతాయి, పేగుల నిండా గ్యాస్. శబ్దం అక్కడే తిరిగొచ్చేస్తే వెనక ఏముందో తెలియదు. మూత్రాశయం నిండితే పేగుల్ని పైకి నెట్టి, తన నీళ్లలోంచి శబ్దానికి దారి ఇస్తుంది. పొట్ట మీద చల్లగా పూసే జెల్ కూడా అంతే, చర్మానికీ, శబ్దం పంపి వినే ప్రోబుకీ మధ్య గాలి లేకుండా చేస్తుంది.

సరే, ఫిష్ ఫైండర్‌నే పొట్ట మీద పెడితే? ఫిష్ ఫైండర్లలో వాడే 50 కిలోహెర్ట్జ్ శబ్దానికి అల పొడవు 3 సెంటీమీటర్లు. ఆరు వారాల పిండం 5 మిల్లీమీటర్లు. అలకంటే బాగా చిన్నదాని ఆకారం అల పట్టుకోలేదు. అందుకే 3.5 మెగాహెర్ట్జ్ వాడతారు, అల అర మిల్లీమీటరు కంటే తక్కువ. ఇంకా సన్నటి అల ఇంకా స్పష్టంగా చూపిస్తుంది కానీ త్వరగా ఆరిపోతుంది. దానికోసమే యోని ద్వారా చేసే స్కాన్: దగ్గర నుంచి, 7 మెగాహెర్ట్జ్‌తో. దానికి మాత్రం మూత్రాశయం ఖాళీగా ఉండాలి. ఒకే రోజు "తాగండి", తర్వాత "వెళ్లి రండి" అన్నారంటే కంగారు పడక్కర్లేదు.

ఇలాంటి శబ్దాన్ని పుట్టించడానికీ వినడానికీ పనికొచ్చే, నొక్కితే విద్యుత్తు పుట్టించే స్ఫటికాల గుణాన్ని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లాంజెవిన్ వాటితో జలాంతర్గాముల్ని వెతికాడు. గ్లాస్గోలో డాక్టర్ ఇయాన్ డొనాల్డ్ లోహంలో పగుళ్లు వెతికే యంత్రాన్ని ఆడవాళ్ల పొట్ట మీద పెట్టి చూసి, 1958లో ఆ ఫలితాలు ప్రచురించాడు. శబ్దంతో లోతు కొలిచే సోనార్ లెక్కలు బడిలో చెప్పే టీచర్లు సముద్రం లోతుతో పాటు ఈ 10 సెంటీమీటర్లూ వేయించాలని నా కోరిక.

"కిరణాలు తగిలితే బిడ్డకి మంచిది కాదు" అని వాళ్లత్త భయం. కిరణాలు ఎక్స్‌రేకి. ఇది శబ్దం. తొలి వారాల్లో గుండె చప్పుడు కొలవడానికి కూడా డాక్టర్లు ఎక్కువ శక్తితో శబ్దం పంపే డాప్లర్ జోలికి పోకుండా, ఒక్క గీత మీద కదలికని అలగా గీసే ఎం-మోడ్ వాడతారు. గుండె ఆరో వారంలో నిమిషానికి 110 సార్లు, తొమ్మిదో వారానికి 170 దాకా. ఆరో వారంలో కనపడకపోతే చాలాసార్లు తేదీల తేడానే. నెలసరి ఆలస్యంగా వచ్చేవాళ్లకి లెక్కలో ఆరు, నిజంగా ఐదే కావచ్చు. పది రోజులాగి రమ్మంటారు. ఆ పది రోజులూ టెన్షన్‌గానే ఉంటుంది, పక్కన మనిషి ఉండాలి.

సాయంత్రం మళ్లీ ఫోన్. పొడవు 10 మిల్లీమీటర్లు, గుండె 138.

"నాన్నకి చెప్పావా?"

"చెప్పాను సార్. ఎంత లోతులో ఉందమ్మా అని అడిగాడు."